పెద్దకొమారుని భాగము

ఈనాటి నా ప్రసంగమునకు విషయము భూమి గలవారి ఇంటి పంపకము. ఇది ప్రభువుల కథగా ప్రారంభమై తుదకు మన వాకిళ్లలోనికే వచ్చును. కావున గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు కొంచెము ఓపికతో ఆలకింపగోరుచున్నాను.

నా చిన్నతనమున గుడివాడ ప్రాంతమున మా ఊరిలో ముగ్గురు అన్నదమ్ములుండిరి. తండ్రి సంవత్సరీకము కాకమునుపే వారు పొలము, దొడ్డి, ఎడ్లు, గడ్డివాము అన్నియు మూడు భాగములు చేసికొనిరి. దొడ్డిలోని మామిడిచెట్టు మాత్రము మూడు భాగములు కాలేదు. దాని మొదలు ఒకని హద్దులోను, కొమ్మలు ఇంకొకని కప్పుమీదను, నీడ మూడవవాని వాకిటను ఉండెను. ఆ చెట్టుకై వారు కోర్టుకు పదునొకండేండ్లు తిరిగిరి. తీర్పు చేతికి వచ్చులోపల ఒక గాలివానకు చెట్టే కూలిపోయెను. కట్టెలను మాత్రము ముగ్గురును సమముగా పంచుకొనిరి.

అప్పుడు మా తాతగారు అరుగుమీద కూర్చుండి, "సీమలో ఈ గొడవ లేదట, అంతయు పెద్దవానిదేనట" అనిరి. పిన్నవాండ్ర గతి యేమని నేనడిగితిని. ఆయన నవ్వి, "వారిని మన దేశమునకు పంపిరిగదా" అనిరి. ఆ మాట హాస్యమునకే అన్నను, అందు చాల నిజము గలదని నాకు పెద్దవాడనైన పిమ్మట తెలిసినది.

సీమలో పెద్ద భూస్వాముల ఇండ్లలో పద్ధతి యెట్లుండెడిదో ఒక్క కుటుంబమును తీసికొని చెప్పుదును. ఇంగ్లండునకు తూర్పున నార్‌ఫోక్ అను మండలమున హోల్కం అను గొప్ప యెస్టేటు కలదు. దానికి 1776లో తామస్ విలియం కోక్ అనునతడు అధికారియయ్యెను. అతడు 1754లో జన్మించెను. వ్యవసాయమున అతనికి మిక్కిలి శ్రద్ధ. కౌలుదార్లకు దీర్ఘకాలపు కౌళ్లిచ్చి, పైరుల మార్పిడిని, మంచి జాతి గొఱ్ఱెల పెంపకమును ప్రోత్సహించెను. ఏటేట గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు కాలమున తన యింట సభ చేసి, దూరదేశముల రైతులను సహితము రప్పించి క్రొత్త సాగు పద్ధతులను చూపించుచుండెను. ఆ సభలు 1821 వరకు జరిగెను. భూస్వామియనగా భూమిని బాగుచేయువాడని లోకమునకు చూపినవారిలో అతడొకడు.

ఇక అతని ఇంటి సంగతి. మొదటి భార్యయందు అతనికి ముగ్గురు కుమార్తెలు గలిగిరి; మగబిడ్డ లేడు. ఆమె 1800లో మరణించెను. ముగ్గురు కుమార్తెలుండగా యెస్టేటునకు రాబోవు వారసుడు అన్నదమ్ముని కుమారుడేయని అందరును తలచుచుండిరి. కోక్ ఇరువది రెండేండ్లు అట్లే యుండి, 1822లో, తన అరువదియేడవ యేట, మరల వివాహమాడెను. ఆ యేటి కడపటనే కొడుకు పుట్టెను. ముదుసలి తండ్రికి 1837లో లీస్టరు ప్రభువను బిరుదము వచ్చెను. 1842లో అతడు మరణించెను. యెస్టేటు చెక్కుచెదరక ఆ పెద్దకొమారునికి వచ్చెను. ఆ కొమారుడు 1909 వరకు జీవించెను. తండ్రి జననమునకు కొడుకు మరణమునకు నడుమ నూట యేబదియైదు సంవత్సరములు! అంత దీర్ఘకాలమును, నలుబది వేల ఎకరములకు పైబడిన భూమియు, రెండు తరములలోనే ఇమిడిపోయెను.

ఇది ఒక యింటి అదృష్టము మాత్రమే కాదు. వారి చట్టమే అట్టిది. వీలునామా లేక తండ్రి చనిపోయినచో భూమి యంతయు జ్యేష్ఠపుత్రునికి చెందెడిది. అదియునుగాక, పెద్ద వంశములవారు ముందుతరమువాడు అమ్మివేయకుండునట్లు దస్తావేజులతో భూమిని బిగించి యుంచిరి. అనుభవించువాడు తన జీవితకాలమునకే అధికారి. భూమి పుట్టబోవు మనుమనిది. కుమార్తెలకు వివాహమునకు కొంత ధనము, చిన్నకొడుకులకు కొంత భృతి. తరువాత వారు సైన్యములోనో, చర్చిలోనో, న్యాయవాద వృత్తిలోనో, కుంఫిణీ కొలువులోనో బ్రదుకుతెరువు వెదకికొనవలెను. 1873లో ఆ దేశమున భూస్వాముల లెక్క తీయగా, దేశపు భూమిలో ఐదింట నాలుగు పాళ్లు సుమారు ఏడువేలమంది చేతిలోనే యున్నట్లు తేలినది. పెద్దవాని భాగమను ఆచారము తరతరములుగా పండించిన పంట యది.

మన ధర్మశాస్త్రము దీనికి భిన్నము. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర మనకు ప్రమాణము. తిక్కన కాలపువాడైన మూలఘటిక కేతన దానిని తెనుగున విజ్ఞానేశ్వరీయముగా చెప్పెను. ఈ శాస్త్రము ననుసరించి పిత్రార్జితమున కొడుకునకు పుట్టుకతోనే హక్కు కలుగును. పెద్దవాడైనను, పిన్నవాడైనను భాగము సమమే. అయితే రాజ్యము విభజింపబడరాదని, వంశాచారమున్నచో జ్యేష్ఠుడే పట్టమునకు వచ్చి తమ్ములకు మనోవర్తి యిచ్చుటయు మన దేశమున కలదు. జమీందారీ యనునది రాజ్యమా, పొలమా? పంతొమ్మిదవ శతాబ్దమున మన కృష్ణా మండలమును కుదిపిన ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్న యెట్లు పుట్టినదో తెలియుటకు బందరు చరిత్రను కొంచెము స్మరింపవలెను. 1759లో ఆంగ్లేయులు పరాసులనుండి మచిలీపట్టణపు కోటను పట్టుకొనిరి. కొలది యేండ్లలో ఉత్తర సర్కారులు కుంఫిణీవారి వశమయ్యెను. అప్పటి మన జమీందారులు ఒకవంక శిస్తు వసూలు చేయువారు, మరియొకవంక కోటయు బలగమును గల చిన్న ప్రభువులు. కుంఫిణీవారికి వీరి స్థితి అర్థము కాలేదు. తమ దేశపు భూస్వామి వారికి తెలిసిన మూస. ఆ మూసలోనే మన జమీందారును పోయదలచిరి. కారన్‌వాలిస్ ప్రభువు తానును అట్టి భూస్వామి వంశజుడే. అతడు 1793లో వంగదేశమున శాశ్వతముగా శిస్తు నిర్ణయించెను. దాని ననుసరించి 1802లో చెన్నరాజధానిలో ఇరువదియైదవ రెగ్యులేషను పుట్టెను. జమీందారుడు భూమికి యజమాని యనియు, ఏటేట సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు ఎన్నటికిని మారదనియు సనదులిచ్చిరి. హక్కు స్థిరమైనచో జమీందారుడు సీమలోని కోక్ వలె భూమిని బాగుచేయునని వారి యాశ.

కాని సీమ భూస్వామిని మన దేశమునకు తేగలిగినను, సీమ వారసత్వమును తేలేకపోయిరి. సనదులో యజమానియని వ్రాసిరి గాని, యజమాని మరణించినపుడు భూమి ఒక్కనికా, అందరికా అనుమాట వ్రాయలేదు. ఆ చిన్న ఖాళీలోనుండి పెద్ద వ్యాజ్యములు పుట్టినవి.

మొదట నూజివీటి కథ చెప్పుదును. నూజివీటి ప్రభువులు మేకా వంశజులు. ఆగిరిపల్లి కొండమీది శోభనాచల నరసింహస్వామి వారి ఇలవేలుపు. అందుచేతనే ఆ యింట శోభనాద్రి, నరసింహ అను నామములు మరల మరల వినవచ్చును. 1783లో నారయ్య అప్పారావు కుంఫిణీవారిపై తిరుగబడగా వారు నూజివీటి కోటను పట్టుకొని జమీని తమ వశము చేసికొనిరి. తరువాత చాలకాలము ఆ జమీ ఆయన కుమారుల నడుమ ఊగిసలాడెను. తుదకు 1802లో కుంఫిణీవారు దానిని రెండు చేసి, నిడదవోలు భాగమును పెద్దవాడైన వేంకట నరసింహ అప్పారావునకును, నూజివీటి భాగమును చిన్నవాడైన రామచంద్ర అప్పారావునకును ఇచ్చిరి.

ఈ చిన్నవాని శాఖలో శోభనాద్రి అప్పారావు 1868లో స్వర్గస్థుడయ్యెను. ఆయనకు ఆరుగురు కుమారులు. పెద్దవాడు, ఇది పూర్వపు సంస్థానము గనుక అవిభాజ్యము, నాదే యనెను. తమ్ములు, ఇది పిత్రార్జితము గనుక మాకును సమభాగమనిరి. వ్యాజ్యము చెన్నపట్టణము దాటి సీమకు పోయెను. కోర్టు ఆఫ్ వార్డ్సు వారును అందు కక్షిదారులైరి. 1879లో లండను నగరమున ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పెను. ఆ తీర్పు సారమిది: పూర్వపు నూజివీడు నిజముగా అవిభాజ్యమే యైయుండవచ్చును, కాని 1783 తిరుగుబాటుతో అది సర్కారు చేతిలో పడినది, 1802లో ఇచ్చినది పాతదికాదు, దానినుండి కోసి చేసిన క్రొత్త యెస్టేటు, క్రొత్త దానికి పాత వంశాచారము అంటదు, కావున ఆరుగురును పంచుకొనవలసినదే.

ఇందలి వింత గమనింపుడు. పెద్దకొమారుడే సర్వమును పొందు దేశమున కూర్చున్న న్యాయాధిపతులు, మన మితాక్షరను ముందుంచుకొని, కృష్ణాతీరపు అన్నదమ్ములను సమముగా పంచుకొనుడనిరి. ఆ తీర్పు చెప్పుసరికి హోల్కంలో కోక్ కుమారుడు ఒక్కడే తన తండ్రి భూమి నంతటిని అనుభవించుచుండెను. ఇక్కడ నూజివీడు ఆరు ముక్కలయ్యెను. వుయ్యూరు, మీర్జాపురము, కపిలేశ్వరపురము, మేడూరు, ఎలమఱ్ఱు మున్నగు పేళ్లతో వేరువేరు జమీందారీలు వెలసినవి. వుయ్యూరు రాజాగారు, మీర్జాపురము రాజాగారు అని మన పెద్దలు వేర్వేరుగా చెప్పుకొనిన వారందరును ఒక్క తండ్రి సంతతివారే.

ఇక దివిసీమకు రండు. అచ్చట చల్లపల్లి రాజధానిగా యార్లగడ్డవారు దేవరకోట జమీని ఏలిరి. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువునకును, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునకును ధర్మకర్తలు వారే. ఈ వంశమునను అదే వివాదము వచ్చెను. మల్లికార్జున ప్రసాదనాయుడు, దుర్గాప్రసాదనాయుడు అను అన్నదమ్ముల పేళ్లతో నడచిన ఆ వ్యాజ్యము 1890లో ప్రివీ కౌన్సిలు చేరినది. పంపకము కోరువారికి నూజివీటి తీర్పు పెద్ద అండగా కనబడియుండును. కాని ఈసారి ఫలితము తలక్రిందులు. దేవరకోట పూర్వమునుండి ఒక్కని చేతనే అనుభవింపబడుచున్నది. నడుమ ఆ త్రాడు తెగలేదు. 1802 నాటి సనదు పేష్కషును నిర్ణయించినదే గాని వంశాచారమును చెరుపలేదు. కావున అది అవిభాజ్యము, తక్కినవారికి మనోవర్తియే. అంతటితో వివాదము ముగియలేదు. ఆ మనోవర్తి బకాయిల కొరకు మరల వ్యాజ్యము నడచి 1900లో ఇంకొక తీర్పు వచ్చెను.

ఒకే మండలము, ఒకే శాస్త్రము, ఒకే న్యాయస్థానము. పదునొకండేండ్ల యెడములో రెండు భిన్నమైన తీర్పులు. తేడా యెక్కడనున్నది? తిరుగుబాటు చేసిన యింటివారి ఆచారము తెగినది. అట్లు తెగని యింట ఆచారము నిలిచినది. ఒక పూర్వుడు 1783లో ఎత్తిన కత్తి తొంబదియారేండ్ల తరువాత ఆయన సంతతివారి భూమిని ఆరు ముక్కలు చేసినదన్నను తప్పులేదు.

ఇంత పట్టుదలతో సీమదాక పోరాడుటకు మరియొక కారణమును గలదు. అది కాలువ నీరు. 1802లో పేష్కషు నిర్ణయించునాటికి మన డెల్టాలో పంట వానదేవుని దయ. 1832, 33 సంవత్సరముల కరవులో గుంటూరు సీమ పాడువడినది. 1852లో బెజవాడవద్ద ఆనకట్ట మొదలై 1855లో ముగిసినది; కాటన్ దొర యోచనను కెప్టెన్ ఓర్ అనునతడు పని నడిపి నెరవేర్చెను. పిమ్మట బందరు, గుడివాడ, దివి ప్రాంతములలో మెట్టచేలు మాగాణులయ్యెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన బందరు ఉప్పెన సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొని చేలను ఉప్పుమయము చేసినను, కాలువ నీరు ఆ నేలను మరల పంటకు తెచ్చినది. నీటితీరువ సర్కారు పుచ్చుకొన్నను భూమి విలువ పెరిగినది. పేష్కషు మాత్రము 1802 నాటి అంకెను దాటలేదు. ఆ లాభము ఎవరిది? పెద్దవానిదా, ఆరుగురిదా? తగవంతయు అందే యున్నది. ఈ లాభమును పండించిన రైతు మాత్రము ఏ వ్యాజ్యములోను కక్షిదారుడు కాడు. శిస్తు ఏ రాజుగారి కచేరీలో చెల్లింపవలెనన్నదే అతని వంతు ప్రశ్న.

రైతు తన పక్షమున మాటాడుటకు 1908 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ యేటి ఎస్టేటుల భూముల చట్టము వలన జిరాయితీ రైతులకు సాగుహక్కు స్థిరపడినది. 1938లో ప్రకాశము పంతులుగారి సంఘమువారు భూమికి నిజమైన యజమాని రైతే యని తేల్చిరి. తుదకు 1948 నాటి జమీందారీల రద్దు చట్టము వచ్చెను. ఆ చట్టము ముందు ఆరు ముక్కలైన నూజివీడును, ముక్కలు కాని చల్లపల్లియు ఒక్కటే యయ్యెను. రెండును పోయెను. వ్యాజ్యములలో గెలిచినవారును ఓడినవారును ఒక్క తీరున మాజీ జమీందారులైరి.

ఆ వంశములవారు కొందరు అంతకుముందే భూమినుండి చూపు మరల్చిరి. చల్లపల్లి రాజాగారి ధనముతో నడచిన సారథి ఫిలింసువారు 1938లో మాలపిల్లను, 1939లో జమీందారీ రైతుల బాధలను చూపిన రైతుబిడ్డను తీసిరి. మీర్జాపురము రాజాగారు 1949లో కీలుగుఱ్ఱమును తెరకెక్కించిరి. ముక్కలైన యింటినుండి ఒకరు, ముక్కలు కాని యింటినుండి ఒకరు, ఇరువురును చిత్రములవైపే నడచిరి.

సీమలో హోల్కం యెస్టేటు నేటికిని ఆ వంశమువారి చేతనే యున్నది. అయినను అక్కడి చట్టమును మారినది. 1925 నాటి శాసనముతో, వీలునామా లేనిచో పెద్దకొమారునికే సర్వమును చెందు పద్ధతిని వారు రద్దుచేసిరి. కొడుకులందరి సంగతి మన శాస్త్రము ఎన్నడో చెప్పిన దానికి వారు అంతకాలమునకు వచ్చిరి. కాని మనము అతిశయింప పనిలేదు. నేను చెప్పిన ఈ కథలన్నిటిలో మనము ఒకరిని మరచితిమి. కోక్ ప్రభువునకు ముగ్గురు కుమార్తెలుండగా ఇరువది రెండేండ్లు ఆ యింటిని వారసుడు లేని ఇల్లనియే తలచిరి. నూజివీటి తీర్పులో ఆరుగురు కుమారుల ప్రశంస వచ్చినది గాని, ఆడుబిడ్డల భాగమను ప్రశ్నయే పుట్టలేదు. సీమవారు పెద్దవాడా యని అడిగిరి. మనము మగవాడా యని అడిగితిమి. తక్కువ చేయుటలో తేడా కొలదియే.

ఆ లోపమును మన రాష్ట్రము ముందుగా దిద్దుకొన్నది. గుడివాడ చెంత నిమ్మకూరున పుట్టిన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, 1986లో చేసిన చట్టము, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు, నాటికి వివాహము కాని కుమార్తెలకు పిత్రార్జితమున కొడుకుతో సమమైన హక్కు నిచ్చెను. 2005లో దేశమంతటికిని వచ్చిన చట్టము, వివాహమైన కుమార్తె, కాని కుమార్తె యను భేదమును తీసివైచెను.

గ్రామ పెద్దలారా, నాకు తోచినది మనవి చేసి ముగించెదను. ఆరుగురికి పంచినను, ఒక్కనికి కట్టబెట్టినను, యింటిని నిలిపినది ఆ పద్ధతి కాదు. సనదులో వ్రాయని ఒక్క మాట రెండు సంస్థానములను సీమదాక నడిపించినది. మన యిండ్లలోను అట్లే. తండ్రి బ్రదికియుండగా చెప్పని మాట, హద్దురాయి నాటని గట్టు, దస్తావేజులో ఎక్కించని చెట్టు, ఇవియే కోర్టులను పోషించును. కావున మీ ఊరిలో వయసు మళ్లినవాడెవడైన, "నేను పోయిన తరువాత వారే చూచుకొందురు" అనినచో, అతనిని కూర్చుండబెట్టి, కొడుకులను కుమార్తెలను పిలిపించి, అందరియెదుట కాగితము వ్రాయింపుడు. కుమార్తె పేరు వదలినచో ఆ కాగితమే రేపటి వ్యాజ్యమునకు విత్తనమగునని చెప్పుడు.

మా ఊరి మామిడిచెట్టు ఉన్నచోట ఇప్పుడు మూడు ప్రహరీగోడలు కలియుచున్నవి. అటుపోయినపుడెల్ల, ఆ తండ్రి ఒక్కమాట చెప్పి పోయియుండిన పిల్లలు నేటికిని ఆ నీడనే ఆడుకొనుచుందురుగదా యని నేననుకొందును.